తోలు ఒర కుట్టుట – తొలి పాఠములు

(గ్రామ తోలుపని శిక్షణ తరగతిలో సమాచార శాఖాధికారి చేసిన ప్రసంగము)



రేపటి నుండి ఈ తరగతిలో మీరు నేర్చుకొనబోవు వస్తువు పిస్తోలు ఒర. ఈ సంగతి చెప్పగానే వెనుక వరుసలో కొందరు నవ్వుకొనిరి. "మన ఊళ్లో పిస్తోలు ఎవరికున్నది? చెప్పులు కుట్టుట నేర్పిన నాలుగు డబ్బులు వచ్చును గదా" అని వారి భావము కాబోలు. వారి సందేహము న్యాయమైనదే. దానికి సమాధానము చెప్పకుండ నేను వేదిక దిగను. కాని ముందు ఒర యనగా ఏమో చెప్పి, అమ్మకము సంగతి తరువాత ఎత్తుకొందును.

సంచికిని ఒరకును చాల భేదమున్నది. సంచి లోపల పెట్టు వస్తువు కంటె పెద్దదైన చాలును. జానెడు ఎక్కువైనను ఎవరును తప్పు పట్టరు. ఒర అట్లు కాదు. అది ఒక్క ఆయుధమునకు, ఒక్క కొలతకు కుట్టబడునది. వదులైన ఆయుధము జారిపడును. బిగువైన అక్కర పడినప్పుడు బయటికి రాదు. పిస్తోలు ఒరకు ఇంతకంటె పెద్ద బాధ్యత మరియొకటి గలదు. వ్రేలితో లాగు ట్రిగ్గరును, దాని చుట్టునున్న కాపు కమ్మిని, తోలు పూర్తిగా కప్పియుండవలెను. ఒరలో నున్నంతసేపు వ్రేలు గాని, చొక్కా అంచు గాని, తాడు గాని ఆ ట్రిగ్గరును తాకరాదు. ఆ పిస్తోలు ధరించిన మనిషి తొడ ఒర ప్రక్కనే యుండును. అతని బిడ్డ వచ్చి ఆ తొడనే కౌగిలించుకొనును. కుట్టినవాడు ఎవరో వారికి తెలియదు. అయినను వారి క్షేమము కొంత అతని ఆరెమొనపై ఆధారపడియున్నది.

ఒరకును నడుముపట్టీకిని సంబంధించిన ఒక ముచ్చట మన దేశమునందే జరిగినది. సామ్ బ్రౌన్ అను ఆంగ్ల సేనాధికారి 1858లో ఉత్తర హిందూస్థానమున జరిగిన పోరులో ఎడమ చేతిని పోగొట్టుకొనెను. కత్తి దూయవలెనన్న ఎడమ చేత ఒరను పట్టుకొని కుడి చేత లాగవలెను గదా! ఒంటిచేతివానికి అది సాధ్యము కాదు. ఒర ఊగిపోవును. అందువలన నడుమునకు వెడల్పైన తోలుపట్టీ, దానిని మోయుటకు భుజము మీదుగా మరియొక వారు ఏర్పరచి, కత్తి ఒరను కదలకుండ నిలిపిరి. అదే పట్టీకి పిస్తోలు ఒరయు చేరినది. ఆ పట్టీ పిమ్మట అనేక దేశముల సైన్యములకు ప్రాకి, నేటికిని అతని పేరుతోనే పిలువబడుచున్నది. దానిని కనిపెట్టిన సేనాని మనకు ముఖ్యుడు కాడు. ఆ పట్టీ చెప్పు సూత్రము ముఖ్యము: ఒర తనంతట తాను స్థిరముగా నిలువవలెను, ఒక చేతితోనే ఆయుధము రావలెను, ఒక చేతితోనే తిరిగి పోవలెను. 19వ శతాబ్దపు ద్వితీయార్ధమున కాన్పూరు పట్టణము తోలుపనికి దేశమంతట పేరెన్నిక గాంచుటకు ఇట్టి సైనికావసరములే ప్రధాన కారణము.

ఇక తోలు సంగతి. ఈ విషయమున మీలో సగము మందికి నేను చెప్పగలిగినది తక్కువ. ఈ వృత్తి తరతరములుగా మాదిగ కుటుంబముల చేతిలో నిలిచినది. చెప్పు, డప్పు, ఎద్దు మెడపట్టీ, మోటకు బొక్కెన, దాని తొండము – ఊరి సేద్యమంతయు ఆ పనితనముపై ఆధారపడియే, ఆ చేతులను మాత్రము దూరముగా ఉంచినది. ఇది మన ఊళ్ల చరిత్రలో సిగ్గుపడదగిన భాగము. మోటలు పోయి విద్యుత్ పంపులు వచ్చిన పిదప బొక్కెన అక్కర తీరినది. లందలు ఎండిపోయినవి. ఇప్పటి పిల్లలకు తంగేడు పూవు బతుకమ్మలో తెలియును గాని, తంగేడు చెక్క తోలును పదును చేయునని తెలియదు. ఆ చెక్కతోను, కరక్కాయతోను పదును చేసిన తోళ్లే ఒకప్పుడు చెన్నపట్టణపు రేవు నుండి సీమకు ఓడలలో ఎగుమతి యగుచుండెను.

తోలును పదును చేయు పద్ధతులు ముఖ్యముగా రెండు. చెట్ల చెక్కతోను కాయలతోను చేయునది ఒకటి. క్రోము లవణములతో చేయునది రెండవది. రెండవది వచ్చి నూరేండ్లకు పైబడినది. 20వ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అను ప్రభుత్వోద్యోగి మద్రాసులో క్రోము తోలును ప్రయోగించి చూచెను. అతడు కోరినది సీమ బూట్లు కాదు. మన మోట బొక్కెన నీటిలో ఎక్కువ కాలము చివుకకుండ నిలువవలెనని అతని ఉద్దేశము. క్రోము తోలు మెత్తగా నుండును, నీటికి లొంగదు, త్వరగా తయారగును. నేడు మనము తొడుగు బూట్లలోను, సంచులలోను అధికభాగము అదియే.

మరి ఒరకు ఏది తగును? చెక్క తోలే తగును. కారణము చిత్రమైనది. బొక్కెనకు ఏ గుణము దోషమో, ఒరకు అదే ఉపకారము. చెక్క తోలు నీటిని పీల్చుకొనును, తడిసినప్పుడు మట్టివలె లొంగును, ఆరినప్పుడు ఆ రూపమునే పట్టుకొని గట్టిపడును. క్రోము తోలు ఎంత ఒత్తినను మరల తన మొదటి రూపమునకే తిరిగిపోవును. కొత్తవారు అంగడిలో మోసపోవునది ఇక్కడనే. నల్లరంగు వేసిన మీదట రెండును ఒకే తీరున కనబడును. కోసిన అంచును చూడుడు. చెక్క తోలు అంచు లోపలి వరకు గోధుమరంగుగా నుండును. క్రోము తోలు నడిమి పొర తరచు నీలి బూడిద రంగుగా నుండును. అప్పటికిని తేలనిచో చిన్న ముక్కను తడిపి, మడచి, ఆరబెట్టి చూడుడు. మడత నిలిచినచో అది మీకు కావలసినది.

మన ధర్మవరము దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేయువారు మేకతోలును గీకి గీకి దీపపు వెలుగు పారునంత పలుచన చేయుదురు. అది పదును చేయని పచ్చితోలు. బొమ్మకు అంతకంటె మేలైనది లేదు. దానితో ఒర కుట్టినచో తొలి వానకే తడిసి జారిపోవును. అందుచేత "తోలు మంచిదేనా?" అని అంగడివానిని అడిగిన చాలదు, "ఏ పనికి మంచిది?" అని అడుగవలెను.

ఒరకు పశువు తోలు 3 నుండి 3.5 మిల్లీమీటర్ల మందము గలది తీసికొనవలెను. వెన్నుకు అటునిటు నున్న భాగము దట్టముగా, సాగకుండ నుండును. పొట్ట భాగము సాగును. చౌక యని పొట్ట తోలుతో చేసిన ఒర ఆరు మాసములలో వదులగును. ఆ ముక్కలను పారవేయనక్కరలేదు. కుట్టు సాధనకు అవే చాలును.

కోతకు ముందు కాగితము. ఈ విషయమున నేను ఎంత చెప్పినను తక్కువే. తోలుపై రంపె పెట్టిన పిదప మరల అతుకు లేదు. మందపు కాగితముపై ఆయుధమును పక్కకు పరుండబెట్టి చుట్టు గీత గీయవలెను. ఆ గీత మీదనే కోసిన ఒర చాలదు, ఏలయన ఆయుధమునకు మందము గలదు. ఆ మందములో సగము, దానికి తోలు మందము, ఆపై కుట్టుకు సుమారు 1 సెంటీమీటరు – ఇంత చుట్టును వదలవలెను. రవికలు కుట్టు సోదరీమణులకు ఈ వదలు సంగతి వేరే చెప్పనక్కరలేదు. వారు మగవారి కంటె ముందు ఈ పాఠము దాటుదురని నా నమ్మకము. కాగితమును కత్తిరించి, మడచి, పిన్నులు గ్రుచ్చి, నమూనాను అందులో పెట్టి చూడవలెను. కాగితము చినిగిన పోవునది ఏమియు లేదు. మూడు కాగితములు పాడుచేయనివాడు ఒక తోలు పాడుచేయును.

పనిముట్లు చాలవరకు మీ ఇండ్లలో నున్నవే. రంపె, ఆరె, గూటము, రెండు మొద్దు సూదులు, మైనము రాచిన దారము, కొలబద్ద. రంపె పదును ముఖ్యము. మొద్దు రంపెతో బలము పెట్టి కోయబోవువాడు తోలు కంటె ముందు తన వ్రేలిని కోసికొనును.

కుట్టు వద్ద కొంత నిలువవలెను. యంత్రము కుట్టు కుట్టులో పైదారము వేరు, క్రిందిదారము వేరు. రెండును నడుమ ఒకదానిలో ఒకటి చిక్కుకొని నిలుచును. ఒకచోట తెగినచో ఆ వరుస ఊడుచు పోవచ్చును. చేతి కుట్టులో దారము ఒక్కటే; దాని రెండు కొసలకును రెండు సూదులు. ప్రతి రంధ్రము గుండ ఈ ప్రక్క సూది ఆ ప్రక్కకు, ఆ ప్రక్క సూది ఈ ప్రక్కకు దాటవలెను. ఒక కుట్టు తెగినను మిగిలినవి పట్టుకొనియే యుండును. గుర్రపు జీనులు కుట్టువారు తమ ప్రాణములు నమ్మినది ఈ కుట్టునే. అంచుకు సుమారు 4 మిల్లీమీటర్ల లోపలగా గీత గీసి, 4 లేక 5 మిల్లీమీటర్ల కొక రంధ్రము చొప్పున గుర్తులు పెట్టి, ఆరెతో పొడువవలెను. ఆరెను ప్రతిసారియు ఒకే వాలున పట్టవలెను, దారమును రెండు చేతులతో సమముగా లాగవలెను. కుట్టు పొడవునకు నాలుగింతల దారము తీసికొనినచో నడుమ అతుకనక్కరలేదు. చివర రెండు మూడు కుట్లు వెనుకకు మరలి ముగించవలెను. మొదటి దినమున మీ కుట్లు వానకు తడిసిన కోడిపిల్లలవలె తలా ఒక దిక్కు చూచును. పదవ దినమునకు వరుస కట్టును.

తొలి వస్తువుగా పిస్తోలు ఒర పట్టరాదు. కత్తి ఒరతో ప్రారంభింపవలెను. కత్తి ఒరలో రెండు పొరల నడుమ, అంచు పొడవున, తోలు పట్టీ నొకదానిని ఇముడ్చుదురు. కత్తి వాదర ఆ పట్టీని తాకును గాని దారమును తాకదు. ఆ పట్టీ లేనిచో కత్తి తన ఒరను తానే కోసికొని, ఒకనాడు ధరించినవాని తొడలోనికి వచ్చును. ఇది గ్రహించినవానికి ఒర ఎందుకో తెలిసినట్లే. రెండవ వస్తువు తూటాల పట్టీ. బ్యాంకుల ముందు కాపలావారు ధరించునది మీరు చూచియుందురు. అందులో ప్రతి గుండ్రని అర ఒకే బిగువున ఉండవలెను. తోలు వాడుకలో సాగును గనుక మొదట కొంచెము బిగువుగానే కుట్టవలెను. ఈ రెండును చేతికి వచ్చిన పిదప మూడవది పిస్తోలు ఒర.

ఒర కుట్టిన పిదప రూపమెక్కించుట యున్నది. కుట్టిన ఒరను గోరువెచ్చని నీటిలో కొలది క్షణములు ముంచి తీసి, పలుచని ప్లాస్టిక్కు కాగితము చుట్టిన నమూనాను లోపల పెట్టి, నున్నని కొయ్యతోను, బొటనవ్రేలితోను ఒత్తవలెను. కాపు కమ్మి వంపు, గొట్టపు అంచు, వ్రేలి గుర్తుల వలె తోలుపై తేలవలెను. ఆ పట్టే ఆయుధమును జారకుండ ఆపును. పిమ్మట ఒక దినము నీడలో ఆరనీయవలెను. ఎండలో పెట్టరాదు. పొయ్యి దగ్గర అసలే పెట్టరాదు. మరిగిన నీరు తగిలిన తోలు ముడుచుకొని రాయి యగును, దానికి చికిత్స లేదు. తడి చెక్క తోలుకు ఇనుము తగులరాదు; నల్లని మచ్చ పడును. శ్రీకాళహస్తి కలంకారీవారు ఇనుమును బెల్లపు నీటిలో నానవేసి, కరక్కాయ పట్టిన బట్టపై నల్లరంగు పుట్టింతురు గదా, అదే ఈ మచ్చకును మూలము. కావలెనని చేసినచో అది రంగు, తెలియక చేసినచో అది మరక.

ఒర నోటిని గురించి ఒక హెచ్చరిక. ఆయుధము తీసిన పిదప ఒర నోరు తెరచియే యుండవలెను. వాడి వాడి మెత్తబడిన నోరు లోపలికి మడతపడును. తిరిగి పెట్టునపుడు ఆ మడత ట్రిగ్గరు కడ్డమువచ్చి, చేతి త్రోపుడుకు పిస్తోలు పేలగలదు. ఇతర దేశములలో ఇట్టి ప్రమాదములు జరిగియున్నవి. అందుచేత నోటి చుట్టు రెండవ పొర పట్టీ వేసి కుట్టవలెను. పైన బిగించు వారు సైతము కాపు కమ్మిలో దూరునంత పొడవుగా నుండరాదు. నూనె ఎక్కువగా రాచి తోలును మెత్తబరచువారు కూడ ఈ అపాయమునే కొని తెచ్చుకొందురు. చెప్పునకు మెత్తదనము సుఖము, ఒరకు మెత్తదనము శత్రువు. పాతబడి మెత్తబడిన ఒరను బాగుచేయుమని ఎవరైన తెచ్చినచో, పైకి మైనము రాచి మెరిపించి పంపకుడు. "ఇది పనికిరాదు, మార్చుకొనుడు" అని చెప్పుడు. ఆనాటి కూలి పోయినను పోనిండు.

చట్టము సంగతి వినుడు. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేనివారు తుపాకిని తమ యొద్ద ఉంచుకొనుట నేరము. "కొలతకు నీ యొద్ద ఉంచుకొనుము, ఆదివారము వచ్చి తీసికొందును" అని ఎంత పెద్ద మనిషి చెప్పినను అంగీకరింపరాదు. ఆయన తానే దానిని ఖాళీచేసి, ఖాళీయని మీకు చూపి, మీ కాగితముపై తానే పెట్టి గీత గీసికొని, వెంటనే తీసికొనిపోవలెను. ఒక్క తూటాయు ఆ బల్లపై ఉండరాదు. రూపమెక్కించు పని యంతయు నమూనాతోనే. ఈ తరగతికి కొయ్య నమూనా ఏర్పాటు చేయబడినది. పెద్దలకు భయపడి ఈ నియమము మీరిన పనివాడు చిక్కులలో పడినప్పుడు ఆ పెద్దలు అడ్డుపడుదురని నేను అనుకొనను.

ఇప్పుడు వెనుక వరుసవారి ప్రశ్నకు వత్తును. ఊరిలో పిస్తోళ్లు లేవు. ఉండకుండుటయే మేలు. పోలీసు శాఖవారికి సామగ్రి శాఖయే ఇచ్చును. పైగా నేడు వేడిచేసి అచ్చుపోయు ప్లాస్టిక్కు ఒరలు వచ్చినవి. అవి తడియవు, మెత్తబడవు. తోలు ఒర ఒక్కటే నమ్ముకొని బ్రతుకవచ్చునని చెప్పి మిమ్ము ఆశపెట్టుట నా ఉద్యోగధర్మము కాదు. కాని కుట్టు, కొలత, రూపమెక్కించుట ఈ మూడును ఇంత కఠినముగా నేర్పు వస్తువు మరియొకటి లేదు. దీనిని కుట్టగలవాడు విద్యుత్ పనివాని పటకారు ఒర, తోటమాలి కత్తెర ఒర, గీత కార్మికుని నడుమునకు కత్తి ఒర, కొలత టేపు తొడుగు, కళ్లజోడు పెట్టె – దేనికైనను వెనుదీయడు. వీటిని కొనువారు ప్రతి మండలములోను ఉన్నారు. రెక్సిను తొడుగు ఏడాదికి చినుగునని వారికి తెలిసియే యున్నది.

పెట్టుబడి మాట. 2023 సెప్టెంబరు 17వ తేదీన ప్రారంభింపబడిన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకములో చేర్చబడిన 18 వృత్తులలో చర్మకార వృత్తి ఒకటి. 18 సంవత్సరములు నిండి, చేతితోను పనిముట్లతోను ఆ వృత్తి చేయుచున్నవారు, కుటుంబమున కొకరు చొప్పున చేరవచ్చును. ప్రభుత్వోద్యోగుల కుటుంబములకు అర్హత లేదు. ఈ పథకము క్రింద ప్రాథమిక శిక్షణ కాలమున దినమునకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయము, 5 శాతము వడ్డీపై మొదట లక్ష రూపాయల వరకు, పిమ్మట 2 లక్షల వరకు అప్పు నిర్ణయింపబడినవి. దరఖాస్తు సామాన్య సేవా కేంద్రములో పెట్టవలెను. తొలి పరిశీలన గ్రామ పంచాయతీదే. పనిముట్ల సహాయము దొరికిన వెంటనే యంత్రము కొనవలెనని తొందరపడకుడు. మంచి ఆరె, మంచి రంపె, ఒక గట్టి బల్ల ముందు సమకూర్చుకొనుడు. అప్పు విషయమున మరింత నెమ్మది అవసరము. పది ఒరలు అమ్ముడుపోయిన పిదప తీసికొను అప్పు వేరు, ఒక్కటియు కుట్టకముందు తీసికొను అప్పు వేరు.

అమ్మునపుడు కొన్నవానికి మూడు సంగతులు చెప్పి పంపవలెను. ఇంటికి చేరిన పిదప ఆయుధమును గాని కత్తిని గాని ఒరలో దాచి ఉంచరాదు, తోలు గాలిలోని తేమను పీల్చి ఇనుమునకు తుప్పు పట్టించును. తడిసిన ఒరను నీడలోనే ఆరబెట్టవలెను. నెలకొకసారి కుట్లను, నోటి పట్టీని వేళ్లతో తడిమి చూడవలెను. ఇవి ఒక చిన్న కాగితముపై వ్రాసి ఒరతోపాటు ఇచ్చినచో ఇంకను మంచిది, దానిపై మీ పేరును ఊరును కూడ వ్రాయుడు.

రేపు ఉదయము 9 గంటలకు బోధకుడు కత్తి ఒరతో పాఠము ప్రారంభించును. ప్రతివారును ఇంటనున్న ఒక కత్తిని గుడ్డలో చుట్టి తెచ్చుకొనవలెను. పాత క్యాలెండరు అట్టలు, పెన్సిలు, కత్తెర తెచ్చుకొనవలెను. తోలు ఎల్లుండి వరకు ఇవ్వబడదు.